జల్లెడక్క ఇంటాయన కొండెక్కిన సంగతి

కొండలు ఎక్కించే కంపెనీలో కూర్చుని, మీరు కొండ ఎక్కొద్దని జనానికి చెప్పడం ఆవిడ ఉద్యోగం. వినడానికి వింతగానే ఉంటుంది. కానీ అలాంటి మనిషి ఒకరు లేకపోతే ఆ కంపెనీ తలుపులు ఎప్పుడో మూతపడేవి. ఆ సంగతి ఓనరుకీ తెలుసు. తెలిసినా ఆవిడ మీద రుసరుసలాడకుండా ఒక్క పూట గడిపేవాడు కాదు. హిమాలయాలు చూడాలని ఉబలాటపడుతూ మెట్లెక్కి వచ్చినవాణ్ణి ఆవిడ నవ్వుతూ కూర్చోబెట్టి, నవ్వుతూ మాట్లాడి, నవ్వుతూనే తిప్పి పంపేస్తుంటే ఏ ఓనరుకైనా కడుపు మండదా? ఒకసారి ఉక్రోషం పట్టలేక, "నువ్వు మనిషివి కాదమ్మా, జల్లెడవి!" అనేశాడు. తిట్టు తిట్టుగా మిగల్లేదు. ఆఫీసు మొత్తానికి ఆ పేరు నచ్చేసింది. ఆ రోజు నుంచి చిన్నాపెద్దా అందరికీ ఆవిడ జల్లెడక్క అయిపోయింది.

ఆ ఆఫీసు ఒక టైర్ల దుకాణం మీద ఉంటుంది. ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు, పై దాకా రబ్బరు వాసన వెంటాడుతూ వస్తుంది. ముందు గదిలో నాలుగు బల్లలు, గోడ నిండా మంచుకొండల ఫోటోలు. వెనక గదిలో గుడారాలు, తాళ్ళు, బురద ఎండిన బూట్లు. ఒక్కో బృందం తిరిగి వచ్చినప్పుడల్లా ఆ బృందం లోపల దూరి పడుకున్న దుప్పటి సంచులన్నీ డాబా మీద తీగలకి వేలాడదీస్తారు. పొగా, చెమటా, తడి ఉన్నీ కలిసిన వాసన రెండు రోజుల దాకా పోదు. ఇంతా చేసి, అక్కడ పని చేసే జల్లెడక్క మాత్రం మంచుని ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగదు.

ఆవిడ అంతకు ముందు ఆస్పత్రిలో నర్సు. వార్డులో నిలబడీ నిలబడీ నడుం పట్టేసి, ఆ పని మానేసి, బృందాలతో పంపే మందుల సంచులు సర్దడానికి ఇక్కడ చేరింది. సంచులు సర్దుతూ, వెళ్ళబోయేవాళ్ళతో మాట కలపడం మొదలుపెట్టింది. ఆ మాటలే తరవాత ఉద్యోగమయ్యాయి. వార్డులో ఆవిడ నేర్చుకున్నది ఒకటే. అమ్మా అయ్యా అని గోల పెట్టేవాడి గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు, వాడి నొప్పి ఎక్కడుందో వాడే చెప్పుకుంటాడు. మూల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా ఉన్నవాడి దగ్గరికి ముందు వెళ్ళాలి. వాణ్ణి పలకరించడానికి తీరిక దొరికేసరికి ఒక్కోసారి ఆలస్యమైపోతుంది.

అందుకే ఆవిడ ఎవరినీ రోజూ ఎంతసేపు పరుగెత్తుతారు, ఎన్ని బస్కీలు తీస్తారు అని అడిగేది కాదు. అవి అడగడానికి వేరే వాళ్ళున్నారు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, మాటల మధ్యలో అడిగేది: "మీరు ఈ మధ్య ఏ పనైనా సగంలో వదిలేసి వచ్చేశారా?"

కొంతమంది సిగ్గుపడుతూ చెప్పేవాళ్ళు. వంట నేర్చుకుందామని చేరి చెయ్యి కాల్చుకుని మానేశాననో, పరుగు పందెంలో దగ్గొచ్చి పక్కకి తప్పుకున్నాననో. వాళ్ళని ఆవిడ సంతోషంగా పంపేది. ఇంకొంతమంది ఛాతీ విరుచుకుని, "నా ఒంట్లో ఆ లక్షణమే లేదండీ, పట్టానంటే వదలను," అనేవాళ్ళు. వాళ్ళని పంపేది కాదు. ఒకసారి కండలు తిరిగిన వ్యాయామశాల మాస్టారు ఒకాయన ఆ మాటే అని, ఆవిడ వద్దనేసరికి ఒంటికాలి మీద లేచాడు. "నన్ను కాదని ఆ నీరసం మొహాన్ని పంపుతారా?" అంటూ పక్కనున్న సన్నటి కుర్రాణ్ణి చూపించి అరిచాడు. "పైన తలనొప్పి వస్తే అతను చెబుతాడు. మీరు చెప్పరు," అంది ఆవిడ. అంతకు మించి వాదన పెట్టుకోలేదు.

ఆవిడ చెప్పేదేమిటంటే, కష్టం వేరు, ప్రమాదం వేరు. మోకాళ్ళు విరగ్గొట్టేంత ఎక్కుడైనా సరే, పక్కనే రోడ్డు ఉంటే అది కష్టమే గానీ ప్రమాదం కాదు. కూలబడితే జీపులో వేసుకుని పోతారు. పిల్లలు పరుగెత్తేంత చదునైన పచ్చిక బయలు రోడ్డుకి రెండు రోజుల నడక దూరంలో ఉందనుకోండి, అక్కడ కాలు బెణికినా ప్రాణం మీదికొస్తుంది. పైగా ఎత్తు అనేది ఒకటుంది. అది కాళ్ళని పట్టుకోదు, తలని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తరవాత ఆకలి చావడం, తరవాత అడుగు తడబడడం. మొదటి రోజే నోరు విప్పి చెప్పినవాణ్ణి కిందికి దింపితే సాయంత్రానికల్లా నవ్వుతూ టీ తాగుతాడు. దాచుకున్నవాణ్ణి దింపడానికి మనుషులు కావాలి.

ఆ కంపెనీకి బాగా పేరు తెచ్చిన దారి ఒకటుంది. కాగితం మీద దాని పక్కన 'మధ్యస్థం' అని రాసి ఉంటుంది. మెల్లగా ఎక్కే దారే, నిజం. చివరి మకాం నుంచి ఒక కనుమ ఎక్కి దాటితే అవతల గిన్నెలాంటి లోయ. ఆ గిన్నెలో అందరూ ఫోటోలు దిగుతారు. జల్లెడక్కకి ఆ గిన్నె అంటేనే ఒళ్ళు జలదరించేది. కనుమకి ఇవతల ఉన్నంతసేపూ ఒంట్లో బాగాలేకపోతే దిగిపోవచ్చు. అవతల గిన్నెలోకి దిగాక, ఎటు నుంచి బయటపడాలన్నా మళ్ళీ ఎక్కాల్సిందే. ఊపిరందని మనిషిని ఇంకా పైకి నడిపించాలి. ఆ ఒక్క సంగతి ఏ ఫోటోలోనూ కనపడదు.

ఇక ఆవిడ ఇంటాయన గురించి. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతి మీదుగా ఎక్కిదిగుతుంటాయి. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. ఒకసారి చెయ్యి తీగల మధ్య ఇరుక్కుని వేలు నలిగిపోతే, గుడ్డపీలిక చుట్టుకుని పని ముగించి, ఇంటికొచ్చి ఎడం చేత్తో భోంచేసి, పాత్రలు కూడా కడగబోయాడు. గుడ్డలోంచి రక్తం పళ్ళెంలో పడేదాకా ఆవిడకి తెలియలేదు. "ఎందుకు చెప్పలేదండీ?" అంటే, "చెబితే తగ్గుతుందా?" అన్నాడు. ఆవిడ తల్లికి ఆ అల్లుడంటే ప్రాణం. "జ్వరమొచ్చినా కిమ్మనడమ్మా, అంత మంచివాడు!" అని వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది. జల్లెడక్క కూడా మురిసిపోయేది, ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆఫీసులో ఏ గుణం చూసి మనుషుల్ని వెనక్కి పంపేదో, ఇంట్లో అదే గుణం చూసి గొప్పగా చెప్పుకునేది. పొద్దున ఒక కళ్ళజోడు, సాయంత్రం ఇంకో కళ్ళజోడు.

రోజూ భోజనాల దగ్గర ఆవిడ ఆఫీసు కబుర్లు చెప్పేది. ఎవరొచ్చారు, ఏం వదిలేశామన్నారు, ఎవరు బుకాయించారు అన్నీ పూసగుచ్చినట్టు, వాళ్ళ గొంతులతో సహా. ఆయన నవ్వుతూ వినేవాడు. ఒక్క ప్రశ్న వేసేవాడు కాదు. ఆయన వింటున్నాడా, అన్నం నములుతున్నాడా అని కూడా ఆవిడకి అనుమానం వచ్చేది.

అలాంటి మనిషి ఒక రోజు కంచంలోకి చూస్తూ, "నేనూ ఒకసారి వెళ్ళనా?" అన్నాడు.

"ఎక్కడికి?"

"మీ కొండకి. ఇన్నేళ్ళుగా ఎక్కుతూనే ఉన్నా, చుట్టూ గోడలే. ఎంత పైకి పోయినా చీకటి, గ్రీజు. ఒక్కసారి పైకెక్కి, అటూ ఇటూ ఏముందో చూడాలనుంది."

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన తన కోసమని ఏదీ అడగలేదు. వద్దని చెప్పాలని ఆవిడకి తెలుసు. ఆయన్ని మించి పంపకూడని మనిషి ఈ భూమ్మీద లేడని కూడా తెలుసు. కానీ మొదటిసారి చెయ్యి చాపినవాడి చెయ్యి మీద కొట్టడం ఎలా? "సొంతవాళ్ళని నేను చూడకూడదండీ, ఆఫీసు పద్ధతి. వేళ్ళ బాబాయి చూస్తాడు," అని తప్పుకుంది.

ఆ పద్ధతి నిజమే, దాన్ని పెట్టిందీ ఆవిడే. ఓనరు తన బావమరిదిని తానే చూసుకుని పంపి తల బొప్పి కట్టించుకున్నాక, ఎవరి మనిషిని వాళ్ళు జల్లించకూడదని ఆవిడ పట్టుబట్టింది. వేళ్ళ బాబాయి అంటే పాత గైడు. మంచు కొరికి కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు, వేళ్ళు పోయాకే ఆ పేరొచ్చింది. పేరు పెట్టినవాణ్ణి తిట్టకుండా తనే నలుగురికీ చెప్పుకుని నవ్వే రకం. జల్లెడక్క అడిగే ప్రశ్నలే ఆయనా అడిగేవాడు, ఆవిడే నేర్పింది.

బాబాయి మెకానిక్కుని పిలిచి మాట్లాడిన రోజున ఆవిడ డాబా మీదికి పోయి దుప్పటి సంచులు తిరగేస్తూ కూర్చుంది. బాబాయి వద్దంటాడని ఆవిడ ఆశ. ఆ చెడ్డపేరేదో బాబాయి నెత్తిన పడాలి, తన నోటితో అనకుండా పని జరిగిపోవాలి. మనలో చాలామందిమి ఇలాంటి పిరికితనాన్ని మంచితనమనే అనుకుంటాం. కింద గదిలోంచి మాత్రం నవ్వులు వినిపించాయి. కాసేపటికి ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పైకొచ్చారు.

"మీ ఆయన బంగారం అమ్మాయ్! ఇలాంటివాళ్ళు పదిమంది దొరికితే నేను కుంటుకుంటూ అయినా కొండెక్కేస్తా," అన్నాడు బాబాయి.

ఏమడిగావు, ఏం చెప్పాడు అని ఆవిడ అడగలేదు. అడిగితే పద్ధతి తప్పినట్టవుతుందనుకుంది. ఇంటాయన మొహం వైపు చూసింది. ఆ మొహంలో ఎన్నడూ చూడని వెలుగుంది. ఇంకేమంటుంది? వెళ్ళే రోజున బూట్ల తాళ్ళు తనే బిగించింది. "తల నొప్పెడితే చెప్పండి. నాకు కాదు, గైడుకి," అంది. "ఊఁ," అన్నాడు. ఆ 'ఊఁ' ఆవిడ ఇంట్లో రోజూ వినేదే. బస్సు మలుపు తిరిగినా అక్కడే నిలబడి ఉండిపోయింది.

రోజూ మధ్యాహ్నం బృందం మకాం చేరాక వాళ్ళతో పైకెళ్ళిన గైడు శాటిలైట్ ఫోనులో ఆఫీసుకి మాట్లాడేవాడు. అంతా క్షేమమే. ఒకమ్మాయికి కడుపులో తిప్పింది, ఒక రిటైరైన పెద్దాయనకి తలనొప్పి, మందులిచ్చారు, తగ్గింది. మెకానిక్కు సంగతి ఆవిడ అడిగిందాకా గైడు ఎత్తనే లేదు. "బావగారికేం అక్కా, రాయిలా ఉన్నారు!" అనేవాడు. రాయిలా అనే మాట ఆవిడకి రుచించలేదు. అయినా ఊరుకుంది.

చివరి మకాం చేరాల్సిన రోజు పొద్దున్న, వెనక గదిలో బాబాయి స్టవ్వులు తుడుస్తున్నాడు. జల్లెడక్క మందుల సంచి సర్దుతోంది. టీ చప్పరిస్తూ బాబాయి తనలో తాను నవ్వుకున్నాడు.

"ఏంటి బాబాయ్?"

"మీ ఆయన గుర్తొచ్చాడమ్మాయ్. ఈత నేర్చుకోవడానికి పోయి, ముక్కులోకి నీళ్ళు పోయాయని తువ్వాలు కూడా వదిలేసి పారిపోయాడటగా? చెబుతుంటే నవ్వలేక చచ్చా."

ఆవిడ చేతిలో సీసా ఆగిపోయింది. "ఇంకా ఏం చెప్పాడు?"

"ఏదో పెళ్ళికి కొత్త బూట్లేసుకుని పోయి, అవి కరిచాయని భోజనం కూడా చేయకుండా చెప్పుల్లేని కాళ్ళతో ఇంటికొచ్చేశాడట. నీకు తెలియకుండా ఉంటుందా?"

తెలుసు. ఈత మానేసింది బ్యాంకులో పనిచేసే ఒకావిడ. బూట్లు విప్పేసి ఇంటికొచ్చింది డ్రాయింగు మాస్టారు. ఆ ఇద్దరినీ తనే కూర్చోబెట్టి విన్నది, తనే భోజనాల దగ్గర గొంతు మార్చి చెప్పి ఆయన్ని నవ్వించింది. ఏ ప్రశ్న వస్తుందో, దానికి ఏ జవాబు చెబితే తలుపు తెరుచుకుంటుందో ఏళ్ళ తరబడి ఆయన చెవిలో పోసింది తనే. లోకంలో ఆ పరీక్షకి జవాబులన్నీ కంఠతా వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన్నే కొండకి పంపారు.

"అవి ఆయనవి కావు బాబాయ్. ఆయన పెళ్ళి భోజనం మానేసి రావడమా? కుర్చీ విరిగినా ఒంటికాలి మీద నిలబడి తిని వస్తాడు."

బాబాయి మొహం పాలిపోయింది. "నటించాడంటావా? కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతూ చెప్పాడమ్మా!"

"ఆయనకి నటించడం రాదనుకున్నావా? పెళ్ళయినప్పట్నుంచీ బాగానే ఉన్నానని నటిస్తూనే ఉన్నాడు. నేనే గుర్తుపట్టలేదు."

అప్పటికప్పుడు ఫోను చేశారు. పైన ఫోను ఆపేసి ఉంది. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని మకాం చేరాకే దాన్ని తెరుస్తారు. మళ్ళీ మళ్ళీ చేశారు. ఓనరు తన గదిలోంచి తొంగిచూసి, "గైడు రోజూ క్షేమమే అంటున్నాడుగా, ఎందుకమ్మా కంగారు?" అన్నాడు. ఆవిడ మళ్ళీ నంబరు నొక్కింది. క్షేమమే అంటున్నాడు కాబట్టే కదా కంగారు! కింద దుకాణంలో టైరుకి గాలి కొడుతున్నారు. ఆ బుస్సు బుస్సు చప్పుడు వింటూ ఆవిడ గుమ్మంలో నిలబడి, రేపు తెల్లవారకముందే ఆ బృందం కనుమ ఎక్కుతుందనీ, ఎండ ఎక్కేసరికి గిన్నెలోకి దిగుతుందనీ లెక్కేసుకుంటూ గడిపింది. దిగాక ఇక ఆయన్ని ఎవరూ తేలేరు.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. ఆవిడే ఎత్తింది.

"అందరం చేరాం అక్కా," అన్నాడు పై గైడు. వెనక గాలి హోరు. "ఆ అమ్మాయి మళ్ళీ వాంతి చేసుకుంది, ఇంటికి పోతానని ఏడుస్తోంది. పెద్దాయన తల పగిలిపోతోందంటున్నారు. వీళ్ళతో వేగలేక చస్తున్నా. బావగారు మాత్రం బంగారం. రాగానే గుడారంలోకి వెళ్ళి పడుకున్నారు, పలకరించే పనే లేదు."

"తిన్నారా?"

"వద్దన్నారు. మిగతావాళ్ళకి పెట్టమన్నారు."

"పొద్దున?"

గైడు ఆలోచించాడు. "పొద్దున కూడా ఎవరికో ఇచ్చేశారనుకుంటా. మంచి మనిషి అక్కా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళ ముందు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి కనిపించాడు. "ఆ ఏడ్చేవాళ్ళని వదిలెయ్ తమ్ముడూ, వాళ్ళకేం కాదు. ముందు ఆయన్ని లేపు. నేల మీద కర్రతో గీత గియ్యి. మడమకి బొటనవేలు ఆనించి ఆ గీత మీద నడిపించు. ఫోను పెట్టెయ్యకు."

అడుగుల చప్పుడు, గుడారం జిప్పు లాగిన చప్పుడు, ఎవరివో నవ్వులు. ఆ తరవాత నవ్వులు ఆగాయి.

"అక్కా... పక్కకి ఒరిగారు. బూటు జారిందంటున్నారు."

"మళ్ళీ నడిపించు."

ఈసారి రాళ్ళు దొర్లిన చప్పుడు వినిపించింది. "పడిపోబోతే పట్టుకున్నా అక్కా." గైడు గొంతులో హుషారు ఎగిరిపోయింది.

ఆయనకి ఫోను ఇమ్మంది. ఆయన గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది, నాలుక మందంగా తిరుగుతోంది. "ఎందుకు... వాళ్ళని హడలగొడతావు? బాగానే ఉన్నా."

"మీరు ఇప్పుడే దిగాలి."

"గైడులు ఇద్దరే. ఒకడు నాతో దిగితే... వీళ్ళు రేపు దాటలేరు. ఆ పెద్దాయన ఎన్నేళ్ళుగానో అనుకుని వచ్చాడట. నా మూలంగా అందరూ వెనక్కా? రేపు ఒక్కరోజు. పడుకుంటే తగ్గిపోతుంది."

తగ్గిపోతుందన్నాడంటే ఏదో ఉందని ఒప్పుకున్నట్టే. కానీ ఆయనకా స్పృహ లేదు. ఆవిడ బతిమాలింది, కోప్పడింది. చివరికి గైడు ఫోను తీసుకుని, బలవంతాన దింపమని ఆవిడంటే, "ఎలా అక్కా? ఇద్దరు పక్కపక్కన పట్టే దారి కాదు, అన్నీ రాళ్ళు. ఆయనంతట ఆయన నడిస్తేనే అడ్డదారిన చీకటి పడేలోగా రోడ్డుకి దించగలను. కూర్చుండిపోతే నేనేం చేయను?" అని ఏడ్పు గొంతుతో అన్నాడు.

జల్లెడక్క బల్లని పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ వందలమందిని అడిగిన ప్రశ్న ఆవిడకి ఇప్పుడు ఎందుకూ పనికిరాలేదు. తన కోసం ఆయన ఏదీ సగంలో వదలడు. ఇంకెవరి కోసం వదులుతాడు?

"ఆయనకివ్వు," అంది. బాబాయి చూస్తుండగానే ఆవిడ కుర్చీలోకి జారి, ఊపిరి చిన్నది చేసుకుంది. వార్డులో ఆవిడ అలాంటివాళ్ళని ఎందరినో చూసింది. మాట ఎక్కడ తెగుతుందో, ఎక్కడ ఆగి పీల్చుకుంటారో ఆవిడకి బాగా తెలుసు.

"ఏవండీ... మీకు చెప్పకూడదనుకున్నా. నాకు బాగాలేదు. పొద్దుట్నుంచీ గుండెల్లో నొప్పి. ఎడం చెయ్యి లాగేస్తోంది."

గాలి హోరు మధ్య ఆయన గొంతు వచ్చింది, మందంగానే, కానీ నిద్రలోంచి కొట్టి లేపినట్టు. "ఆస్పత్రికి పోయావా? పక్కన ఎవరున్నారు? ఒక్కదానివే ఉన్నావా? ఉండు, ఉండు... వచ్చేస్తున్నా. నా సంచి ఎక్కడ? వచ్చేస్తున్నా."

ఒక్క మాటకి ఆయన కొండ వదిలేశాడు. పెద్దాయన్నీ, ఆ అమ్మాయినీ, జీవితంలో మొదటిసారి తన కోసం కోరుకున్న ఆ కాస్త వెలుగునీ, అన్నిటినీ సంచి సర్దినంత సేపట్లో వదిలేశాడు. ఆవిడ ఫోను చెవికి పెట్టుకునే వెక్కివెక్కి ఏడ్చింది. అది కూడా నొప్పే అనుకుని అవతల ఆయన ఇంకా తొందరపడ్డాడు.

ఆ సాయంత్రమంతా ఆవిడ మూలుగుతూనే ఉంది. సెలయేటి దగ్గర ఆయన ఒక బండ మీద కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకుంటానన్నాడు. గైడు ఫోను చేశాడు. ఆవిడ మూలిగింది. ఆయన లేచాడు. కింద పైన్ చెట్ల దగ్గర మళ్ళీ కూర్చున్నాడు, ఎక్కడున్నాడో గుర్తు రావడం లేదట. మళ్ళీ ఫోను, మళ్ళీ మూలుగు. "ఇంకా తగ్గలేదండీ. తొందరగా రండి." ఓనరు తన గదిలోంచి బయటికొచ్చి, ఆవిడ చేస్తున్నది చూసి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. బాబాయి మొహం గోడకి తిప్పుకున్నాడు. బతికున్న మనిషిని తాడు కట్టి లాగినట్టు ఆవిడ తన నొప్పితో ఆయన్ని కిందికి లాగుతోంది. ఆ నొప్పి అబద్ధం. కానీ మూలిగీ మూలిగీ అది ఎక్కడ అబద్ధమో ఎక్కడ నిజమో ఆవిడకే తెలియకుండా పోయింది.

మసక చీకటి పడుతుండగా రోడ్డు దగ్గరికి చేరారు. జీపు ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. మిగతావాళ్ళు కనుమ దాటకుండా మర్నాడే వెనక్కి తిరిగారు. పెద్దాయన కంపెనీని దుమ్మెత్తిపోశాడని తరవాత తెలిసింది.

దొరికిన రైలూ బస్సూ పట్టుకుని ఆవిడ ఆ కొండ ఊరి ఆస్పత్రికి చేరేసరికి ఆయన లేచి కూర్చోగలుగుతున్నాడు. గుమ్మంలోనే డాక్టరు ఆవిడని ఆపి, తల లోపల వాపు వచ్చిందనీ, ఆ కనుమ దాటి ఉంటే తమ దాకా వచ్చేవాడు కాదనీ చెప్పాడు. ఎడం చెయ్యి పట్టు తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఆ చేతితోనే ఆయన తీగలు పట్టుకునేవాడు. కిటికీ నిండా మంచుకొండ ఉంది. అంత దగ్గరగా ఉన్నా ఆవిడ దాని వైపు చూడలేదు.

ఆయన మాత్రం ఆవిడని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "నువ్వు తిరుగుతున్నావేంటి? డాక్టరేమన్నాడు? మందులు తెచ్చుకున్నావా? అంత దూరం నుంచి ఎవరు రమ్మన్నారు నిన్ను?"

ఆవిడ మంచం అంచు మీద కూర్చుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "నాకేం కాలేదండీ. మీరు దిగాలని అబద్ధం చెప్పాను."

ఆయన కిటికీ వైపు చూస్తూ, "ఇంకొక్క రోజు. చూసి వచ్చేసేవాణ్ణి. నాకు బాగానే ఉంది కదా," అన్నాడు. డాక్టరు చెప్పింది ఆయనకీ చెప్పారు. ఆయన దాన్ని చెవిన పెట్టలేదు. ఆయన లెక్కలో తను దిగింది భార్యకి బాగాలేక. ఇప్పుడు అది కూడా లేదు.

"మిమ్మల్ని పోగొట్టుకోలేక చెప్పానండీ," అంది ఆవిడ, ఆయన కుడి చెయ్యి పట్టుకుని.

ఆయన చెయ్యి లాక్కోలేదు. కోపం కూడా లేదు ఆ మొహంలో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు: "రేపు నీకు నిజంగానే నొప్పి వస్తే, నేనేమని నమ్మను?"

ఆవిడ దగ్గరా ఒక ప్రశ్న ఉంది. రేపు మీరు బాగానే ఉన్నానంటే నేనేమని నమ్మాలి అని. నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ఏమంటాడో తెలిసి అడగలేకపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు వెతుక్కుంటూ కూర్చున్నారు. ఇక మీదట ఆ ఇంట్లో ఏ జ్వరం, ఏ నొప్పి, ఏ నవ్వు నిజమో ఎవరు చెబుతారు?

నర్సు లోపలికొచ్చి, చీటీ తిరగేస్తూ, "ఇవాళ ఎలా ఉంది?" అని ఆయన్ని అడిగింది. ఆయన పలకలేదు. నర్సు ఆవిడ వైపు తిరిగింది. ఆవిడా పలకలేదు.